‘ఈరోజు వార్తలు లేవు’ అని బీబీసీ నిజంగా అన్నదా? 1930లో రేడియో రోజు ఎలా గడిచేదంటే

పాతకాలపు బీబీసీ రేడియో గురించి ఒకరు అడిగిన ప్రశ్నకి ఇది జవాబు. ఆ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 1930 ప్రాంతంలో బీబీసీలో పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం వచ్చేది? ఒకరోజు ‘వార్తలు లేవు’ అని చెప్పి ఊరుకున్నారన్నది నిజమా, వాట్సాప్ పుకారా? ఆ రికార్డింగు ఎక్కడన్నా దొరుకుతుందా? జవాబిచ్చినవాళ్లలో ఇద్దరు ఇప్పటికే పుకారని తేల్చేశారు కాబట్టి ముందు అది తేలుద్దాం.

పుకారు కాదు. 1930 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. రాత్రి 8.45 బులెటిన్‌కి అనౌన్సర్ మైకు ముందుకొచ్చి, శుభ సాయంత్రం, ఈరోజు గుడ్ ఫ్రైడే, వార్తలు లేవు అన్నాడు. అంతే. మిగిలిన పావుగంటా పియానో వాయించారు. ఆ తర్వాత లండన్ క్వీన్స్ హాల్లో జరుగుతున్న జర్మన్ స్వరకర్త వాగ్నర్ ‘పార్సిఫాల్’ ప్రసారానికి తిరిగి వెళ్లిపోయారు. ఆ సంగీత నాటకంలో చివరి అంకం జరిగేది కూడా గుడ్ ఫ్రైడే నాడే. ఆ రోజుకి అతికినట్టు సరిపోయింది.

నేను రేడియో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్ల పైచిలుకు కంట్రోల్ రూముల్లో, ట్రాన్స్‌మిటర్ల దగ్గర గడిచింది. ఆ కాలపు ప్రోగ్రాం పట్టిక చూస్తే మామూలు మనిషికి కచేరీలూ ప్రసంగాలూ కనపడతాయి. నా కంటికి ముందు ఖాళీలు కనపడతాయి. పొద్దున ఖాళీ, మధ్యలో ఖాళీ, ఆదివారం పెద్ద ఖాళీ. ఏ ఖాళీ ఊరికే రాలేదు. ఒక్కోదాని వెనక పత్రికలవాళ్ల అభ్యంతరమో, పాదిరీల మొహమాటమో, తీగల బాధో ఉంది. ఆ గుడ్ ఫ్రైడే బులెటిన్ కూడా అలాంటి ఖాళీయే.

సరే, 1930 వసంతంలో ఒక మామూలు పనిరోజు తీసుకుందాం. ఆ ఏడాది మార్చి 9 నుంచి బీబీసీ రెండు పాయలైంది. ఒకటి దేశమంతటికీ నేషనల్ ప్రోగ్రాం, రెండోది రీజినల్. లండన్ దగ్గర బ్రూక్‌మన్స్ పార్క్‌లో రెండు ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కన నిలబెట్టి, 261 మీటర్ల తరంగం మీద నేషనల్, 356 మీటర్ల తరంగం మీద రీజినల్ వదిలారు. దేశంలో మిగతా మారుమూలలన్నిటికీ డావెంట్రీ గుట్ట మీది లాంగ్ వేవ్ స్టేషనే దిక్కు. దాని పిలుపు పేరు ఫైవ్ ఎక్స్ ఎక్స్, 1,554 మీటర్లు, 25 కిలోవాట్లు. లాంగ్ వేవ్ అంటే మనవాళ్లకి కొత్తగా ఉంటుంది. మన దేశంలో ఆ బ్యాండు ప్రసారాలకి వాడలేదు. ఉష్ణమండలంలో ఉరుములూ మెరుపుల గరగర అంత కింది ఫ్రీక్వెన్సీల్లో భరించలేం. అందుకే దూరాలకి మనం షార్ట్ వేవ్ పట్టుకున్నాం. 1938లో మద్రాసు కేంద్రం మొదలైనప్పుడు మీడియం వేవ్ చిన్నది, పావు కిలోవాటు. అసలు బలమంతా 10 కిలోవాట్ల షార్ట్ వేవ్‌ది.

తెల్లవారి లేవగానే సెట్టు తిప్పితే ఏమీ రాదు. ఉదయం 10.15 దాకా గాలి ఖాళీ. అప్పుడు పావుగంట ప్రార్థన. 1928 జనవరి 2న మొదలైన ఆ డైలీ సర్వీస్ ఇంకా ఆగలేదు. 10.30కి గ్రీనిచ్ టైము, ఓడలకూ రైతులకూ వాతావరణం. ఇది డావెంట్రీ నుంచే, ఎందుకంటే సముద్రం మీదికి చేరేది అదొక్కటే. తర్వాత ఇల్లాళ్ల కోసం చిన్న ప్రసంగం, వంటో పిల్లల పెంపకమో.

పదకొండింటికి లండన్‌లో ఒక వింత జరిగేది. జాన్ లోగీ బెయిర్డ్ టెలివిజన్ ప్రయోగాలకి బీబీసీ తన ట్రాన్స్‌మిటరు అరగంట ఇచ్చేది. ముప్పై గీతలు పేర్చి కట్టిన బొమ్మ. మొదట్లో ట్రాన్స్‌మిటరు ఒక్కటే కాబట్టి కాసేపు బొమ్మ, కాసేపు మాట. మొహం ముందు కనిపించి గొంతు తర్వాత వినిపించేదన్నమాట. 1930 మార్చి 31 నుంచి రెండు ట్రాన్స్‌మిటర్లు దొరికి, బొమ్మా మాటా కలిశాయి. మామూలు రేడియో సెట్టులో ఆ బొమ్మ సిగ్నల్ తగిలితే కందిరీగ రొదలా ఉండేది.

మధ్యాహ్నం హోటలు ఆర్కెస్ట్రాలూ ఆర్గన్ కచేరీలూ గ్రామఫోన్ రికార్డులూ. క్రిస్టొఫర్ స్టోన్ అనే ఆయన 1927 నుంచి రికార్డుల మధ్య కబుర్లు చెప్తూ వచ్చాడు. ఇప్పటి ఎఫ్.ఎం. కుర్రాళ్లకి ఆయన పెద్దతాత వరస. తర్వాత బడిపిల్లలకి పాఠాలు. సాయంత్రం 5.15కి చిల్డ్రన్స్ అవర్. మన రేడియో అన్నయ్య, అక్కయ్య బాలానందం విని పెరిగినవాళ్లకి దీని రుచి వేరే చెప్పక్కర్లేదు. అక్కడా మొదట్లో అనౌన్సర్లు పిల్లలకి ‘అంకుల్’, ‘ఆంటీ’లే. వరసలు కలపడం మనకొక్కళ్లకే తెలిసిన విద్య కాదు.

రాత్రి తొమ్మిదిలోపు ఫ్రెంచి, జర్మన్ పాఠాలు, పుస్తక సమీక్షలు, పాతకాలపు సంగీతం. తర్వాత నాటకమో పెద్ద కచేరీయో. పదిన్నర నుంచి అర్ధరాత్రిదాకా సవాయ్ వంటి హోటళ్ల నుంచి డాన్సు బ్యాండ్లు. ఇందులో పెద్దగా చెప్పేదేం లేదు. అసలు కథ వార్తలది.

బీబీసీ పుట్టిన 1922లోనే పత్రికల యజమానులూ వార్తా ఏజెన్సీలూ గట్టిగా కూర్చున్నారు. సాయంత్రం ఏడుకి ముందు రేడియోలో వార్త రాకూడదు. పొద్దున పేపరూ సాయంత్రం పేపరూ అమ్ముడయ్యాకే మీ వంతు అన్నారు. పైగా ఆ వార్తలు బీబీసీ సొంతంగా సేకరించకూడదు. రాయిటర్స్, ప్రెస్ అసోసియేషన్, ఎక్స్ఛేంజ్ టెలిగ్రాఫ్, సెంట్రల్ న్యూస్, ఈ నాలుగూ కలిసి రాసి పంపిన కాగితాన్ని అనౌన్సర్ చదవాలి. హక్కులు వాళ్లవని కూడా చెప్పాలి. 1926 మే నెలలో సార్వత్రిక సమ్మె వచ్చి పేపర్లు ఆగిపోయినప్పుడు మాత్రం ఆ కట్టు తెగింది. పొద్దున పదినుంచి రాత్రిదాకా రోజుకి అయిదు బులెటిన్లు చదివారు. వార్త అప్పటికప్పుడు ఇంటికొచ్చి పడితే ఎలా ఉంటుందో జనానికి అప్పుడు తెలిసింది. సమ్మె ముగిసింది, మళ్లీ పాత సాయంత్రం కట్టుబాటే. కాస్త బేరమాడి ఆ ఏడుని ఆరున్నరదాకా జరిపారు. 1930 మొదట్లో గాని బులెటిన్‌ని తన మనుషులతో తాను రాసుకునే వీలు బీబీసీకి రాలేదు.

అంటే ఆ గుడ్ ఫ్రైడే నాటికి సొంత వార్తల గది వయసు కొన్ని వారాలు. మనుషులు గుప్పెడు, విలేకరులంటూ ఎవరూ లేరు. ఏజెన్సీ వార్తల్ని కాగితం పట్టీ మీద అచ్చువేసే టేపు మిషను ఏది కక్కితే అది ఏరుకోవాలి. సెలవురోజు, ఆఫీసులు మూత, పేపర్లు లేవు. ఏరడానికి గింజ దొరకలేదు. దొరక్కపోతే తాలు కొలిచి పొయ్యలేదు, లేవన్నారు. ఇందులో కొంత అమాయకత్వం ఉంది, కొంత దొరతనమూ ఉంది. మేము చెప్పదగ్గది ఏదీ జరగలేదు అనడానికి చాలా ధీమా కావాలి.

జరగలేదా? అదే రోజు బెంగాల్‌లోని చిట్టగాంగ్‌లో రాత్రి పదింటికి విప్లవకారుడు సూర్యసేన్ దళం రెండు ఆయుధాగారాల మీద పడింది. వాళ్లు గుడ్ ఫ్రైడేని ఎంచుకున్నది 1916 నాటి ఐరిష్ ఈస్టర్ తిరుగుబాటును తలుచుకుని. అక్కడ రాత్రి పది అంటే లండన్‌లో సాయంత్రం అయిదు, అయిదున్నర. అనౌన్సర్ ‘వార్తలు లేవు’ అనేసరికి మూడుగంటల పైమాటే గడిచింది. మరి కబురెందుకు అందలేదు? దళంలో ఒక జట్టు అంబికా చక్రవర్తి వెంట నేరుగా టెలిఫోను, టెలిగ్రాఫు ఆఫీసు మీదికి వెళ్లి వాటిని నాశనం చేసింది. రైలు పట్టాలూ తప్పించారు. ఊరు బయటి ప్రపంచానికి చెవిటీ మూగా అయిపోయింది. చివరికి రేవులో ఉన్న ఒక ఓడ వైర్‌లెస్ మీంచి కలకత్తాకి కబురు పోయింది. తుపాకులు దొరికాయి గాని తూటాలు దొరకలేదు. నాలుగు రోజులకి జలాలాబాద్ కొండల్లో పోరాటం. ఆ కథ చాలామందికి తెలుసు. తెగిన తీగకీ లండన్‌లో మోగిన పియానోకీ ఉన్న లంకె మాత్రం ఎవరూ చెప్పుకోరు.

చిట్టగాంగ్ సంగతి తెలియదు, ఒప్పుకుందాం. తెలిసిన సంగతులు మాత్రం తక్కువా? దండిలో ఉప్పు పట్టి పన్నెండు రోజులైంది. నెహ్రూ నాలుగు రోజుల కిందటే అరెస్టయ్యారు. రాజాజీ దండు తిరుచ్చి నుంచి వేదారణ్యం దారిలో నడుస్తోంది. మన మచిలీపట్నం, దేవరంపాడు శిబిరాల్లో ఉప్పు కుండలు పొయ్యి మీద ఉన్నాయి. లండన్ టేపు మిషనుకి ఆ రోజు అవి వార్తలుగా అనిపించలేదు. వార్త లేకపోవడమన్నది లోకంలో ఏమీ జరగనందువల్ల కాదు, చూసే కిటికీని బట్టి ఉంటుందని ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకి ఈ ఒక్కరోజు చూపించి చెప్పేవాణ్ణి.

ఖాళీల సంగతి ఇంకాస్త. బీబీసీ పెద్ద జాన్ రీత్. స్కాట్లండ్ పాదిరీ కొడుకు, చాలా పొడగరి, అంతకంటే పొడుగు నియమాలు. ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ మధ్య కాసేపు నిశ్శబ్దం ఉండాల్సిందే. విన్నది ఒంటపట్టాలి, వినేవాడు సెట్టు కట్టేసి వేరే పని చూసుకోవాలి. ఆ విరామంలో స్టేషను చచ్చిపోలేదని తెలియడానికి గడియారం టిక్ టిక్ మాత్రం వినిపించేవారు. ఆదివారం మరీ కఠినం. మధ్యాహ్నం దాటేదాకా దాదాపు ఏమీ ఉండదు. సాయంత్రం చర్చి వేళకి పోటీ రాకుండా మళ్లీ మౌనం. తమాషాలూ డాన్సులూ నిషేధం. అంత పథ్యం ఎవరు చేస్తారు? ఫ్రాన్స్ తీరం నుంచి రేడియో నార్మండీ, 1933లో రేడియో లక్సెంబర్గ్ వచ్చి, సబ్బుల ప్రకటనలతో పాటలు వేసి ఆదివారం శ్రోతల్ని ఎగరేసుకుపోయాయి. మన దగ్గర 1950ల్లో సినిమా పాటలు తగ్గించి రేడియో సిలోన్‌కి శ్రోతల్ని అప్పజెప్పిన సంగతి గుర్తున్నవాళ్లకి ఇది పాత పాటే.

నిశ్శబ్దం అంటే మాకెంత భయమో ఒక ముక్క చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక చిన్న కేంద్రంలో రాత్రి డ్యూటీ. ప్రసంగం మధ్యలో టేపు పుటుక్కున తెగింది. తప్పు నాదే, అతుకు సరిగ్గా వెయ్యలేదు. స్పూలు ఖాళీగా తిరుగుతోంది, శబ్దం ఎంత పోతోందో చూపే వి.యు. మీటరు ముల్లు సున్నా మీద పడుకుంది. నా చేతులు ఆడలేదు. డ్యూటీ ఆఫీసరు గారు తలుపు తోసుకుని వచ్చి, ‘ముందు ఏదో ఒకటి వేసెయ్యి బాబూ, తర్వాత ఏడుద్దువు గాని’ అన్నారు. వీణ రికార్డు పెట్టాను. మొత్తం నలభై సెకన్లు. లాగ్ బుక్‌లో ఎర్ర సిరాతో ఎక్కింది, మూడు రోజులు అన్నం సయించలేదు. రీత్ దొర దగ్గరైతే ఆ నలభై సెకన్లు మర్యాద కింద లెక్క.

స్టూడియో లోపలికి వెళ్దాం. 1932లో బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌లోకి మారేదాకా బీబీసీ ఉన్నది థేమ్స్ ఒడ్డున సవాయ్ హిల్‌లో. ప్రతిధ్వని రాకుండా గోడలకి మందపాటి గుడ్డలు వేలాడదీశారు. గొంతు నోట్లోంచి రాగానే చచ్చిపోయేదట అక్కడ. తర్వాత తెలివొచ్చి, పొరలు తగ్గించి, వేరే ఖాళీ గదిలో స్పీకరూ మైకూ పెట్టి ప్రతిధ్వనిని మళ్లీ కలిపేవారు. చంపిందీ వాళ్లే, బతికించిందీ వాళ్లే. మైకులు రెండు రకాలు. పాతది మాంసం దాచుకునే జాలీపెట్టెలా ఉండేది, దాన్ని నాలుగు చక్రాల మీద తోసేవాళ్లు. తర్వాతది రైస్ (Reisz) అనే ఆయన పేరు మీది మైకు. చలువరాతి దిమ్మలో చిన్న గుంట, గుంటలో బొగ్గు రవ్వ, మీద పల్చని పొర. మాట తగిలినప్పుడల్లా రవ్వ నొక్కుకుని కరెంటు మారుతుంది, పాత టెలిఫోనులో మాట్లాడే వైపు ఉన్నట్టే. ఊరికే ఉన్నా సన్నగా ‘స్‌స్‌’ అంటుంది. రవ్వ గడ్డకడితే మెల్లగా తట్టాలి. గట్టిగా అరిస్తే గొంతు చిట్లుతుంది. ఆనాటి అనౌన్సర్లు ఎందుకంత నెమ్మదిగా, నిలకడగా మాట్లాడేవారంటే పెంపకం ఒక కారణం, బొగ్గు రవ్వ రెండో కారణం.

సాయంత్రం అనౌన్సర్లు డిన్నర్ సూటు వేసుకుని చదివేవారన్నది నిజమే. ఎవరికి కనపడుతుందని నవ్వుకోవచ్చు. స్టూడియోకి వచ్చే పెద్ద గాయకులూ వక్తలూ ఆ దుస్తుల్లోనే వచ్చేవారు, వాళ్లని ఆహ్వానించేవాడూ అలాగే ఉండాలన్నది వాళ్ల లెక్క. అంత ముస్తాబు చేసుకున్న మనిషికి పేరు మాత్రం లేదు. వార్తలు చదివేవాడు తన పేరు చెప్పుకోవడం 1940లో, యుద్ధం వచ్చాకే. శత్రువు దొంగ గొంతు పెట్టి చదివితే పోల్చుకోవడానికి. ‘వార్తలు చదువుతున్నది...’ అని పేరుతో మొదలయ్యే తెలుగు వార్తలకి అలవాటుపడ్డ మనకి పేరులేని వార్త తలలేని మొండెంలా ఉంటుంది. ఉచ్చారణకి ఒక కమిటీయే ఉండేది. 1926లో ఆస్థానకవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షుడు, ఆయన పోయాక బెర్నార్డ్ షా. ఏ ఊరి పేరు ఎలా పలకాలో కూర్చుని తేల్చేవారు.

వినేవాడి వైపు చూస్తే, ఏడాదికి పది షిల్లింగుల లైసెన్సు. 1930లో అక్కడ లైసెన్సులు 30 లక్షలు దాటాయి. కరెంటు లేని ఇళ్లలో వాల్వులనే గాజు బుడ్లతో పనిచేసే సెట్టుకి మూడు బ్యాటరీలు. వాల్వు వెలగడానికి రెండు వోల్టుల గాజు అక్యుమ్యులేటరు, దానికి తోడు 120 వోల్టుల దాకా హెచ్.టి. (ఎక్కువ వోల్టుల) బ్యాటరీ, వాల్వు లోపలి గ్రిడ్ అనే తీగ జాలీకి చిన్నది ఇంకోటి. అక్యుమ్యులేటరు దిగిపోతే పిల్లాడి చేతికిచ్చి సైకిలు షాపుకో గ్యారేజీకో పంపాలి. ఒకటి ఛార్జింగులో, ఒకటి ఇంట్లో. దారిలో ఒలికితే ఆసిడ్‌కి నిక్కరు చిల్లు. వాల్వు కొనలేనివాళ్లకి బ్యాటరీ అక్కర్లేని క్రిస్టల్ సెట్టు, హెడ్‌ఫోను. నలుగురు వినాలంటే హెడ్‌ఫోన్లని పింగాణీ గిన్నెలో పెట్టి చుట్టూ కూర్చునేవారు. గిన్నె గలగలలాడేది.

అదే ఏప్రిల్‌లో మన దగ్గర ఏముందో చెప్పకపోతే వెలితిగా ఉంటుంది. బొంబాయి, కలకత్తాల్లో 1927లో మొదలైన ప్రైవేటు కంపెనీ మూడేళ్లకే చేతులెత్తేసింది. 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ రెండు స్టేషన్లూ తీసుకుంది. మొత్తం దేశంలో లైసెన్సులు ఎనిమిది వేలు కూడా లేవు. అదే ఏప్రిల్ 1న మద్రాసు కార్పొరేషన్ తన సొంత రేడియో మొదలుపెట్టింది. సి.వి. కృష్ణస్వామి చెట్టి గారు 1924లో నడిపిన రేడియో క్లబ్బు మూతపడ్డాక దాని ట్రాన్స్‌మిటరే దీనికి పెట్టుబడి. రోజుకి సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. బడి ఉన్న రోజుల్లో నాలుగింటికి పిల్లలకి అరగంట పాఠాలూ కథలూ. సెలవురోజుల్లో పొద్దున గంటసేపు గ్రామఫోన్ పాటలు. మెరీనాలోనూ పార్కుల్లోనూ లౌడ్ స్పీకర్లు. మా నాన్నగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ లౌడ్ స్పీకరు కింద ఇసకలో కూర్చుని కచేరీలు విన్నారట. ‘గాలి సముద్రం వైపు తిరిగితే పల్లవి మాకు, చరణం చేపలకి’ అనేవారు. వార్త కావాలంటే మర్నాటి ఆంధ్రపత్రికే.

ఇక మూడో ముక్క, ఆ రికార్డింగు. లేదు. యూట్యూబ్‌లో గరగర శబ్దంతో తిరిగేవి తర్వాత ఎవరో చదివించి, పాతబడ్డట్టు చేసినవి. అప్పట్లో ప్రసారమంతా ప్రత్యక్షమే. నాటకం రెండోసారి కావాలంటే నటులందరూ ఇంకోరోజు మళ్లీ వచ్చి ఆడాల్సిందే. బ్లాట్నర్‌ఫోన్ అనే రికార్డింగు మిషనుని బీబీసీ పరీక్షకి తీసుకున్నదే ఆ ఏడాది చివర్లో. అది ఉక్కు రిబ్బను మీద రికార్డు చేసేది. తర్వాత వచ్చిన మార్కోని-స్టిల్లేలో నిమిషానికి 90 మీటర్ల రిబ్బను పరుగెత్తేది, అరగంట కార్యక్రమానికి దాదాపు మూడు కిలోమీటర్లు. తెగితే చుట్టూ ఉన్నవాళ్లు పక్కకి దూకాల్సిందే, అంచు బ్లేడు లాంటిది. అతికించాలంటే వెల్డింగు. నేను గమ్ము టేపుతో అతికిస్తేనే ఊడింది.